ప్రాచీన వైద్యమునకు పైచదువు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక గ్రామము తన గ్రంథాలయమును నిలుపుకొనుట సామాన్యమైన విషయము గాదు. కప్పు కారిన వర్షకాలములును, చందా వసూలు కాని నెలలును ప్రతి గ్రంథాలయమునకును ఉండును. వానిని దాటి వచ్చిన ఈ శుభదినమున పుస్తకముల గొప్పతనమును పొగడుటకంటె, ఒక పుస్తకము లోకమునకు చేసిన పనిని వివరముగా చెప్పుకొనుట మేలు. ఆ పని జరిగినది చైనా దేశమున. దాని ఫలము నేడు సీతంపేట, గుమ్మలక్ష్మీపురము, సాలూరు మన్యములలోని జ్వరపీడితులకు సైతము అందుచున్నది. ఆ కథ విన్నవారికి ఒక ప్రశ్న తోచక మానదు. వైద్యవిద్యను ముగించి పట్టము పొందినవారు మరల ప్రాచీన వైద్యమును పైచదువుగా చదువుట యెందులకు?

పల్లెలలో ఈ ప్రశ్నకు రెండు విధములైన సమాధానములు వినబడుచుండును. పూర్వులు సర్వమును చెప్పియే యున్నారు, కొత్తగా తెలిసికొనవలసినది లేదని కొందరందురు. పాతవన్నియు చాదస్తములు, వానిపై కాలము వెచ్చించుట వ్యర్థమని మరికొందరందురు. పైకి ఈ రెండు పక్షములవారును పరస్పర విరోధులు. లోపల మాత్రము ఇరువురిదియు ఒక్కటే దోషము. ఒకరు పుస్తకమును తెరువకయే పూజింతురు; వేరొకరు తెరువకయే పారవేయుదురు.

చైనాలోను ఈ వివాదము తీవ్రముగా జరిగెను. 1929వ సంవత్సరమున నాటి ప్రభుత్వపు ఆరోగ్య సమావేశములో దేశీయ వైద్యమును క్రమముగా తొలగింపవలెనను ప్రతిపాదన వచ్చెను. దేశమంతటి వైద్యులును కూడి దానిని ప్రతిఘటించిరి. ఆ ప్రతిపాదన అమలు కాలేదు. 1949 తరువాత వచ్చిన ప్రభుత్వము వేరొక మార్గమును పట్టెను. 1955లో పెకింగు నగరమున చైనా వైద్య పరిశోధనాలయము స్థాపితమయ్యెను. 1956లో పెకింగు, షాంఘై, కాంటన్, చెంగ్డూ నగరములలో నాలుగు చైనా వైద్య కళాశాలలు వెలసెను. పాశ్చాత్య వైద్యమున శిక్షణ పొందినవారు తమ దేశపు పాత వైద్యమును నేర్చుకొనుటకు ప్రత్యేకముగా తరగతులు ఏర్పడెను. పట్టములతో కూడిన స్నాతకోత్తర విద్య 1978 నుండి క్రమబద్ధమైనది. కాని దాని బీజము ఆ మొదటి తరగతులలోనే యున్నది.

అట్టి తరగతిలో చేరినవారిలో టూ యూయూ అను యువతి యొకరు. ఆమె 1930లో నింగ్బో పట్టణమున జన్మించెను. 1955లో పెకింగు వైద్య కళాశాలలో ఔషధశాస్త్రమున పట్టము పొందెను. 1959 మొదలు రెండున్నర సంవత్సరములపాటు ఉద్యోగమునుండి విడివడి చైనా వైద్యమును అభ్యసించెను. రసాయన పరీక్షలు తెలిసిన చేతితోనే పాత గ్రంథముల పుటలను త్రిప్పుట, ఓషధులను గుర్తించుట, అవి యెండబెట్టి నూరి కాచు పద్ధతులను పరిశీలించుట ఆ కాలమున ఆమె నేర్చిన విద్య.

వియత్నాము యుద్ధకాలమున అడవులలో పోరాడు సైనికులను తుపాకిగుండ్లతోపాటు మలేరియా జ్వరమును బలిగొనుచుండెను. అంతవరకు పనిచేసిన క్లోరోక్విన్ మందునకు అక్కడి రోగక్రిమి లొంగకుండెను. ఉత్తర వియత్నాము కోరికపై చైనా ప్రభుత్వము 1967 మే 23వ తేదీన ఒక రహస్య పరిశోధనా పథకమును ప్రారంభించెను. ఆ తేదీని బట్టియే దానికి 523 అను పేరు వచ్చెను. 1969లో టూ యూయూ ఒక బృందమునకు నాయకురాలయ్యెను. జ్వరము ప్రబలిన హైనాన్ దీవికి ఆమె పోవలసివచ్చెను. భర్త పల్లెప్రాంతమునకు పంపబడి యుండెను. నాలుగేండ్ల పెద్దకుమార్తెను శిశుపాలనాలయమునందును, పసికందైన చిన్నకుమార్తెను తల్లిదండ్రులయొద్దను విడిచి ఆమె పయనమయ్యెను. ఈ సభలోని తల్లులకు ఆ ప్రయాణపు బరువును వేరుగా చెప్పనక్కరలేదు.

ఆమె మొదట చేసిన పని ప్రయోగశాలలో గాదు, గ్రంథములలో. పాత వైద్యగ్రంథములను వెదకియు, వృద్ధవైద్యులను అడిగియు రెండువేలకు పైగా యోగములను ప్రోగుచేసెను. వానినుండి 640 యోగములను ఏర్చి ఒక చిన్న పుస్తకముగా కూర్చెను. పిమ్మట సుమారు 200 ఓషధులనుండి 380 సారములను తీసి, జ్వరము సోకించిన ఎలుకలపై పరీక్షించిరి. వానిలో చింగ్‌హావ్ అను మొక్క యొక్క సారము ఒకమారు బాగుగా పనిచేసెను. మరల చేసినపుడు అంతగా పనిచేయలేదు. లెక్క కుదరలేదు.

లెక్క కుదరనప్పుడు తెలిసినవాడు అంకెలను దిద్దడు. మూలపు చిట్టాను మరల విప్పును. టూ యూయూ చేసినదియు అదియే. క్రీస్తుశకము నాలుగవ శతాబ్దమున గె హుంగ్ అను పండితుడు, అంగీ చేతిలో దాచుకొని పోదగిన అత్యవసర చికిత్సల పుస్తకమొకటి రచించెను. అందు జ్వరమునకు ఈ మొక్కను వాడు విధానము చెప్పబడినది. ఆమె దానిని పూర్వమే చదివియుండెను. ఈమారు చదివినపుడు మునుపు పట్టించుకొనని సంగతి యొకటి కంటబడెను. గ్రంథకర్త ఆ మొక్కను కాచుమని చెప్పలేదు. నీటిలో నానబెట్టి పిండి రసము త్రాగుమనెను. మిగిలిన కషాయములన్నియు కాచునవియే. అట్లయినచో ఈ మొక్కలోని గుణమును వేడిమి చెరచుచున్నదేమో!

ఆ యూహతో ఆమె నీటికి బదులు ఈథర్ అను ద్రవమును తీసికొనెను. అది సుమారు 35 డిగ్రీలకే మరుగును గాన అధికమైన వేడి తగులదు. 1971 అక్టోబరు 4వ తేదీన 191వ సంఖ్య గల సారము పరీక్షింపబడెను. ఎలుకల రక్తమున రోగక్రిమి సంపూర్ణముగా నశించెను. తరువాత కోతులయందును అట్లే జరిగెను. 1972లో రోగులకు ఇచ్చుటకు ముందు టూ యూయూయును, మరియిద్దరు సహోద్యోగులును తామే ఆ మందును సేవించి అపాయము లేదని నిశ్చయించుకొనిరి. ఆ సంవత్సరముననే దానిలోని అసలు పదార్థము స్ఫటికరూపమున వేరుచేయబడెను. దానినే నేడు ఆర్టెమిసినిన్ అందురు. 2015లో ఆమెకు వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానమున సగము లభించెను. ఆమెకు డాక్టరేటు లేదు. విదేశములలో చదివిన చదువును లేదు.

ఈ వృత్తాంతమునుండి గ్రహింపవలసిన సంగతులు మూడు. మొదటిది: గె హుంగ్ గ్రంథము లేనిచో ఆ యూహ తోచెడిది గాదు. రెండవది: గ్రంథము ఒక్కటియే చాలలేదు. పదునారు వందల సంవత్సరములు ఆ వాక్యము పుటలయందే యుండెను. రసాయన విద్య యెరిగిన కన్ను దానిపై పడినపుడే అది మందైనది. మూడవది మిక్కిలి ముఖ్యము. 380 సారములలో అధికభాగము విఫలమైనవి. అవి విఫలమైనవని ఆమె వ్రాసి పెట్టెను. పాతదానిని గౌరవించుట యనగా దానిని పరీక్షకు నిలువబెట్టుట. నిలిచినదానిని స్వీకరించి, నిలువనిదానిని నిర్భయముగా విడుచుటయే ప్రాచీన వైద్యమున పైచదువునకు ప్రయోజనము.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. వినాయక చవితినాడు పూజించు ఇరువదియొక్క పత్రులలో మాచిపత్రి మొదటిది. చింగ్‌హావ్ మొక్కయు, మాచిపత్రియు వృక్షశాస్త్రమున ఒకే ప్రజాతికి చెందినవి. ఈ మాట విని, చలిజ్వరమునకు మాచిపత్రి కషాయము చాలునని యెవరును తలపరాదు. అక్కచెల్లెండ్రు ఒక యింట బుట్టినంతమాత్రమున ఒకరి గుణము వేరొకరికి రాదు. ఆర్టెమిసినిన్ నిచ్చునది చింగ్‌హావ్ జాతిలో ప్రత్యేకమైన ఒక మొక్క. దానిని సైతము తేనీరుగా కాచి త్రాగుటను ప్రపంచ ఆరోగ్య సంస్థ సమర్థింపలేదు. అందలి మందు ఎంత యున్నదో తెలియదు. చాలీచాలని మోతాదు వలన రోగక్రిమి ఆ మందునకే అలవాటుపడు ప్రమాదమును గలదు. జ్వరము వచ్చిన వెంటనే ఆశా కార్యకర్తయొద్దనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునందో ఒక చుక్క రక్తమును పరీక్ష చేయించుకొనవలెను. ప్రమాదకరమైన ఫాల్సిపారమ్ జాతి మలేరియా యని తేలినచో ఆర్టెమిసినిన్ నుండి వచ్చిన మందును వేరొక మందుతో కలిపి మూడు దినములు ఇత్తురు. మొదటి దినముననే జ్వరము తగ్గినను, మిగిలిన మాత్రలు మానరాదు. గె హుంగ్ పుస్తకము మన్యమునకు చేరినది ఈ మాత్ర రూపముననే.

ఈ విధమైన ప్రయత్నము తెలుగువారికి కొత్తదియా? కాదు. చైనాకంటె మూడు దశాబ్దములకు ముందే మదరాసునగరమున ఇది మొదలైనది. పండిత డి. గోపాలాచార్యులుగారు అచట ఆయుర్వేదమునకు ప్రతిష్ఠ తెచ్చిరి. పాశ్చాత్య వైద్యమున పట్టము పొందిన డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు, పొందిన పట్టముతో తృప్తిపడక, గోపాలాచార్యులవారియొద్ద శిష్యులై ఆయుర్వేదము నేర్చిరి. పట్టభద్రుడు మరల శిష్యుడగుట! స్నాతకోత్తర విద్య యనుటకు అంతకంటె చక్కని నిదర్శనము దొరకదు. ఉప్పు సత్యాగ్రహమున చెరసాల కేగిన శ్రీమతి రుక్మిణీ లక్ష్మీపతిగారు వీరి ధర్మపత్నియే.

లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రమును బోధించిన యువకు డొకడుండెను. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరమున జన్మించి, మదరాసులో వైద్యము చదివి, ఆ కళాశాలలో పనిచేయుచు దేశీయ ఓషధులను ఆధునిక రీతిని పరిశోధింపవలెనని ఆసక్తి పెంచుకొనెను. 1922లో ఉన్నతవిద్యకై అమెరికా కేగెను. మరల స్వదేశమునకు రాకయే 1948లో మరణించెను. ఆయన నాయకత్వమున వెలువడిన మందులలో డి.ఇ.సి. యొకటి. బోదకాలు వ్యాధి నివారణకై ప్రభుత్వమువారు తీరగ్రామములలో ఇంటింటికిని తిరిగి మ్రింగించిన మాత్ర అదియే. ఆ మందు ఆయుర్వేద గ్రంథమునుండి వచ్చినది గాదు, రసాయనశాలలో పుట్టినది. సత్యమును సత్యముగానే చెప్పవలెను. అయినను దేశీయ వైద్యపు ప్రాంగణమున నిలిచి ప్రశ్నలు వేసిన మనస్సు ఎంతదూరము పోగలదో సుబ్బారావుగారి జీవితము చెప్పుచున్నది.

1921లో మదరాసు ప్రభుత్వము దేశీయ వైద్యముల పరిశీలనకు మహమ్మద్ ఉస్మాన్ గారి అధ్యక్షతన సంఘమును నియమించెను. కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తిగారు దాని కార్యదర్శి. 1923లో నివేదిక వెలువడెను. దాని ఫలితముగా 1925లో మదరాసున ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల ఆరంభమయ్యెను. అందు ఆయుర్వేద, సిద్ధ, యునానీ వైద్యములతోపాటు ఆధునిక శాస్త్రములును బోధింపబడెను. ఉద్దేశము ఉన్నతమైనదే. కాని రెండు విద్యలను మొదటినుండియు ఒకే విద్యార్థి తలపై నుంచుటవలన రెండింటిలోను లోతు చిక్కుట కష్టమయ్యెను. కాలక్రమమున విద్యార్థుల చూపు ఆధునిక వైద్యమువైపే మరలెను. తుదకు ఆ విద్యాలయమే 1960లో కీల్పాక్ వైద్య కళాశాలగా మారిపోయెను.

ఈ చరిత్ర ఒక పాఠమును నేర్పుచున్నది. పునాది ఒక్కటిగా గట్టిగా వేయవలెను. కలయిక పై అంతస్తున జరుగవలెను. టూ యూయూకును, లక్ష్మీపతిగారికిని మొదట ఒక శాస్త్రమున పూర్ణమైన పట్టు ఏర్పడినది. పిదపనే వారు రెండవ గ్రంథమును తెరచిరి. చైనాలో నాలుగు కళాశాలలు వెలసిన ఆ 1956వ సంవత్సరముననే భారతదేశమున జామ్‌నగరమునందు ఆయుర్వేద స్నాతకోత్తర శిక్షణ కేంద్రము ప్రారంభమైనది. ఒకే సంవత్సరమున రెండు ప్రాచీన దేశములు ఒకే పని తలపెట్టుట గమనింపదగినది.

చైనాకే పోయి ఆ వైద్యమును అభ్యసించిన భారతీయ వైద్యులును కలరు. 1938లో చైనా సైనికుల చికిత్సకై వెళ్లిన అయిదుగురు భారతీయ వైద్యులలో డాక్టరు కోట్నీసుగారి పేరు లోకవిదితము. ఆయన 1942లో అచటనే అసువులు బాసిరి. ఆ బృందములోని బంగాళీ వైద్యుడు డాక్టరు విజయకుమార బసుగారు 1958లో మరల చైనాకేగి సూదులతో చేయు ఆక్యుపంక్చర్ చికిత్సను నేర్చి, తిరిగివచ్చి కలకత్తాలో దానిని ప్రవేశపెట్టిరి. భారత ప్రభుత్వము 2003లో దానిని ఒక చికిత్సా విధానముగా గుర్తించెను.

నేడును ఆ దేశమున చైనా వైద్యము చదువగోరు యువకులు కొన్ని సంగతులను ముందుగా తెలిసికొనవలెను. స్నాతకోత్తర పట్టమునకు సాధారణముగా మూడు సంవత్సరములు పట్టును. మూలగ్రంథములను చదువుటకు చీనా భాష తప్పనిసరి. స్వదేశమున దేశీయ వైద్యములను గూర్చి 2020లో వచ్చిన చట్టము ఆయుర్వేద, యునానీ, సిద్ధ, సోవా-రిగ్పా వైద్యములకు సంబంధించినది. చైనా ఓషధి వైద్యము అందు లేదు. కనుక ఆ పట్టముతో ఇచట మందులిచ్చు వైద్యులుగా స్థిరపడవచ్చునని పొలమమ్మి పయనమగుట వివేకము గాదు. పరిశోధనకై పోవువారి సంగతి వేరు.

ఇంటిదగ్గరి దారి మరియొకటి గలదు. ఆయుర్వేదమున పట్టమునకు శిక్షణ సంవత్సరముతో కలిపి అయిదున్నర సంవత్సరములు. పిమ్మట అఖిల భారత ప్రవేశపరీక్షలో ఉత్తీర్ణులైనచో మూడు సంవత్సరముల ఎం.డి. విద్య లభించును. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద కళాశాలయందును, హైదరాబాదులోని ప్రభుత్వ కళాశాలయందును అట్టి తరగతులు గలవు. కాయచికిత్స, రసశాస్త్రము, ద్రవ్యగుణము మొదలైనవి అందలి శాఖలు. వీనిలో ద్రవ్యగుణము అనగా ఓషధుల గుర్తింపు, గుణముల విచారణ. గ్రామమునకు మిక్కిలి దగ్గరైన శాఖ యిది.

గుర్తింపు అనునది చిన్నపని గాదు. బ్రాహ్మి యన్న ఒక్క పేరుతో కొన్నిచోట్ల సరస్వతి ఆకును, కొన్నిచోట్ల నీటిబ్రాహ్మిని వాడుచున్నారు. అవి రెండును వేర్వేరు మొక్కలు. సర్వే నంబరు సరిగా లేని దస్తావేజు వలె, మొక్క సరిగా తెలియని యోగము ఎంత గొప్పదైనను చెల్లదు. చింగ్‌హావ్ విషయమునను ఇట్టి చిక్కే వచ్చెను. ఆ పేరుతో పిలువబడు మొక్కలలో ఏది మందునిచ్చునో టూ యూయూ బృందమువారు వేరుచేసి నిర్ణయింపవలసివచ్చెను.

మన ప్రాంతమున ఈ పనికి కొదువ లేదు. వంశధార, నాగావళి పరీవాహకములలోని కొండలయందు సవరలు, జాతాపులు, గదబలు, కొండదొరలు తరతరములుగా ఎరిగిన ఓషధులు అనేకములు. ఆ యెరుక వ్రాతలో లేదు. చెప్పువారు వృద్ధులు, వినవలసిన పిల్లలు పట్టణములలో నున్నారు. ఆ జ్ఞానమును గ్రహింపవలెనన్నచో ముందు వారి భాషను గౌరవింపవలెను. శ్రీకాకుళ మండలపు పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో నుండి సవర భాషను నేర్చి, దానికి వ్యాకరణమును, నిఘంటువును సమకూర్చిరి. వైద్య విద్యార్థికి కావలసిన తాళపుచెవిని ఆయన యెన్నడో చేసి యుంచిరి.

వ్రాత లేని జ్ఞానమునకు సాక్ష్యము లేదు. 1995లో పసుపునకు గాయములు మాన్పు గుణము కలదను సంగతిపై అమెరికాలో ఒక పేటెంటు మంజూరైనది. భారతదేశపు శాస్త్రీయ పరిశోధనా సంస్థవారు దానిని ప్రతిఘటించి, ఆ గుణము పూర్వమే లిఖితమైయున్నదని పాతగ్రంథములను చూపిరి. 1997లో పేటెంటు రద్దైనది. పసుపునకు పుస్తకము సాక్షి యయ్యెను. సవర వృద్ధుడు చూపు వేరునకు ఎవరు సాక్షి? 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము స్థానిక సంస్థలయందు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండవలెను. రిజిస్టరు కాగితమున నుండుట వేరు, నిజముగా నింపబడుట వేరు. అడంగలులో పంట పేరు వ్రాసినంత శ్రద్ధతో అందు మొక్క పేరు వ్రాయవలెను.

ఈ గ్రంథాలయము చేయదగిన పనులు కొన్ని గలవు. ఇండ్ల అటకలమీద వైద్యపు తాళపత్రములు గాని, చేతివ్రాత పుస్తకములు గాని యున్నచో చెదలపాలు గానీయక సేకరించి, ఇచ్చినవారి పేరు వ్రాసి భద్రపరచవలెను. ఒక బౌండు పుస్తకము పెట్టి, మొక్క యొక్క గ్రామనామము, సవర నామము, సంస్కృత నామము, శాస్త్రనామము వరుసగా వ్రాయవలెను. చెప్పినవారి పేరును, వారి సమ్మతిని తప్పక చేర్చవలెను. ఏలయన ఆ జ్ఞానము వారి సొత్తు. ఎం.డి. చదువు విద్యార్థి పరిశోధనా విషయమును వెదకుచు వచ్చిననాడు ఆ పుస్తకము అతని చేతికి అందవలెను. పనిచేసిన మందు ఒకటైనను, పనిచేయదని తేలినవి నూరైనను, రెండును లాభమే. పనిచేయదని తేలిన మందుపై ఒక పేదవాని డబ్బును, రోగకాలమును ఇక వ్యర్థము గావు.

కొడుకులను మాత్రమేగాక కుమార్తెలను సైతము ఈ చదువునకు పంపుడు. హైనాన్ దీవికి పయనమైనది ఒక తల్లియే గదా!

గె హుంగ్ పుస్తకము పదునారు వందల సంవత్సరములు ఒక పాఠకురాలికై వేచియుండెను. అంతకాలము దానిని ఎందరో వ్రాతగాండ్రు మరల మరల ప్రతులు తీసిరి. ఎందరో పేరు తెలియనివారు తడవకుండ, చెదరకుండ కాపాడిరి. వారిలో ఎవరికిని నోబెల్ బహుమానము రాలేదు. వారు లేనిచో ఆ బహుమానమును లేదు. ఇరువదియైదు సంవత్సరములుగా ఈ బీరువాలను కాపాడినవారు చేసినది ఆ కోవకు చెందిన పనియే. ఇందలి ఏ పుస్తకము ఏ పాఠకునికై వేచియున్నదో ఎవరెరుగుదురు? తలుపు తెరచియుంచుట మాత్రము గ్రామము చేతిలో నున్నది.

గ్రంథాలయము స్వర్ణోత్సవమును సైతము చూచుగాక. స్వస్తి.